ముందుగది అద్దె

ఆవిడ్ని వీధిలో అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఆ పేరు విని సంచీ పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్ళు. "మావి తినే పళ్ళు కావమ్మా, తినిపించే పళ్ళు" అని ఆవిడే నవ్వి పంపించేది. పంటి డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే దాన్నిబట్టి కట్టుడు పళ్ళు, క్యాపులు చేసి ఇవ్వడం ఆవిడ పని. నాలుగు వీధుల అవతల ఒక ఆసుపత్రి వెనకాల చిన్న గది అద్దెకు తీసుకుంది. అక్కడే అచ్చులో ప్లాస్టర్ పోసేది, ఆరాక మైనంతో పన్ను దిద్దేది, ఫర్నేసులో కాల్చేది, మోటారు మీద నునుపు పట్టేది. సాయంత్రానికి కనుబొమల దాకా తెల్లటి పొడి. "మా ఆవిడ పొద్దున్న పడుచుపిల్లలా వెళ్ళి సాయంత్రం మా అత్తగారిలా తిరిగొస్తుంది" అని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఆయన స్కూలు బస్సు డ్రైవరు. నోరు తెరిస్తే హాస్యం, మనసులో మాత్రం ప్రతిదానికీ భయం. ఒక్కతే కూతురు, అప్పుడే కాలేజీలో చేరింది.

వాళ్ళ అప్పు షికార్లకి చేసింది కాదు. పాత ఫర్నేసు పాడైపోతే బంగారు రంగు క్రెడిట్ కార్డు మీద కొత్తది కొన్నది పళ్ళక్క. డాక్టర్లు ఇవ్వాల్సింది ఇస్తే ఒక్క దెబ్బకి కట్టేద్దామనుకుంది. డాక్టర్లేమో చెట్టు మీంచి మంచు బొట్లు రాలినట్టు కొద్దికొద్దిగా ఇచ్చారు. ఈలోగా ఆయనకి నడుములో డిస్కు జారింది. నెలల తరబడి మంచం మీదే. ఆసుపత్రి బిల్లూ ఇంటి సరుకులూ ఆయన పేరున ఉన్న ఎర్ర కార్డు మీద పడ్డాయి. పిల్ల కాలేజీ ఫీజు నీలం కార్డు మీద పడింది. నెలనెలా "కనీసం ఇంత కట్టండి" అని వచ్చిన సొమ్ము మాత్రం తప్పకుండా కట్టేది. కట్టాం కదా అని కంటినిండా నిద్రపోయేది కూడా.

ఒక ఆదివారం ఫోన్లో బంగారు కార్డు లెక్క చూస్తూ ఉండిపోయింది. ఫర్నేసు కొన్న తర్వాత ఆ కార్డుని మళ్ళీ ముట్టుకోలేదు. ఒక్క నెల కూడా కట్టడం మానలేదు. అయినా బాకీ ఫర్నేసు ఖరీదుని దాటి పైకి పోయింది. ఆ ఫర్నేసు అప్పుడే సగం అరిగింది కూడా.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది. గొంతులో ఏదో తేడా విని ఆయన నడుం పట్టుకుంటూనే వంటింట్లోకి వచ్చాడు.

ఆరోజు ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మూడు కార్డులు మధ్యలో పెట్టారు. కూతురు ఒక్కోదాని వడ్డీ వెతికి పైకి చదివింది. అన్నిటికన్నా బంగారు కార్డు వడ్డీ ఎక్కువని అప్పుడు తెలిసింది.

"చిన్నది నీలం కదా, ముందు దాని పీడ వదిలించుకుంటే మనసు తేలికవుతుంది" అన్నాడు డ్రైవరు.

"మనసు సంగతి తర్వాత. ఏది ఎక్కువ తినేస్తోందో ముందు దాని నోరు కట్టేయాలి" అంది పళ్ళక్క.

అలా నిర్ణయమైంది. నీలానికీ ఎర్రదానికీ కనీసమే కట్టాలి, మిగిలిన ప్రతి పైసా బంగారు కార్డుకి పొయ్యాలి. అది తీరాక ఆ సొమ్మంతా ఎర్రదాని మీదకి, ఆ తర్వాత నీలం మీదకి మళ్ళించాలి. కొత్తగా గీకేది లేదు. పళ్ళక్క పంటి తీగలు తెంచే కత్తెర తెచ్చి మూడు కార్డుల్నీ ముక్కలు చేసింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మిగిలే పైసాలు ఎక్కడివి? వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోతుంటే పథకం కాగితం మీద పులే.

అప్పుడు ఆవిడ చూపు ముందుగది వైపు మళ్ళింది. వీధిలోకి వేరే తలుపు, పక్కనే స్నానాలగది. అందులో పాత మంచం, పిల్ల చిన్ననాటి సైకిలు తప్ప ఏమీ లేవు.

"పరాయి మనిషిని ఇంట్లో పెట్టుకోవడమా?" అన్నాడు డ్రైవరు.

"మూడు బ్యాంకుల్ని పెట్టుకున్నాంగా. ఇంకో మనిషి బరువా?"

కూతురు పక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. గదికి సున్నం వేశారు.

వచ్చినాయన నలభై ఏళ్ళవాడు. సన్నగా, శుభ్రంగా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండేవాడు. రెండు బట్టల పెట్టెలు, ఒక ప్రింటరు. అంతే సామాను. బీమా కంపెనీలకి కాగితాలు సరిచూసే పని అనీ, ఇంట్లోంచే చేసుకుంటాననీ చెప్పాడు. అడక్కుండానే కొన్ని నెలల అద్దె నగదుగా చేతిలో పెట్టాడు. పళ్ళక్క ఆ డబ్బు పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. అంత మొత్తం ఒక్కసారిగా బంగారు కార్డులో పడితే ఎలా ఉంటుందన్నది తప్ప ఆ క్షణాన ఆవిడకి ఇంకేమీ తోచలేదు. ముందు ఎక్కడుండేవారని గానీ, ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా అని గానీ అడగలేదు.

"అద్దె ఒప్పందం రాసుకుందాం అక్కా, మీకూ నాకూ మంచిది. బావగారి గుర్తింపు కార్డు నకలు ఒకటి ఇప్పించండి" అన్నాడు.

ఎంత పద్ధతైన మనిషో అనుకున్నారు. నకలు ఇచ్చారు. ఒప్పందం ఆయనే రాసి తెచ్చాడు. డ్రైవరు ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు.

పథకం నడిచింది. నెల తిరిగేసరికి బంగారు కార్డు బాకీ కిందికి దిగింది, మరుసటి నెల ఇంకా దిగింది. ఇచ్చిన అడ్వాన్సు చెల్లిపోయాక ముందుగది ఆయన ప్రతి నెలా మొదటి వారంలోనే అద్దె తెచ్చి ఇచ్చేవాడు. పళ్ళక్క ఆ రోజే బ్యాంకుకెళ్ళి కట్టేసి వచ్చేది.

ఆయన ఇంకా చాలా సాయాలు చేసేవాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పార్సిళ్ళు వస్తే సంతకం పెట్టి తీసుకునేవాడు. వాకిట్లో ఉత్తరాల పెట్టె గొళ్ళెం ఊడిపోయిందని కొత్త తాళం వేయించాడు. తాళంచెవి ఇస్తానంటూనే మర్చిపోయేవాడు. దాని బదులు ఉత్తరాలే తెచ్చి చేతికిచ్చేవాడు, కరెంటు బిల్లులు పైన, మిగతావి కింద, చక్కగా సర్ది. "మీకెందుకండీ శ్రమ" అంటే "ఇంట్లో మనిషినేగా బావగారూ" అనేవాడు.

చాపకింద నీరు ఎప్పుడు చేరిందో చాప మీద పడుకున్నవాడికి తెలీదు.

ముందు అనుమానపడింది కూతురే. ఓ మధ్యాహ్నం కాలేజీ లేకపోతే ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి ముందుగది ఆయనకి తెలీదు. సాయంత్రం తల్లి రాగానే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"అమ్మా, ఆయన గదిలోంచి నాన్న మాట్లాడారు."

"నాన్న డ్యూటీలో ఉన్నారు కదే."

"అదే చెప్తున్నా. నాన్న గొంతే. నాన్నలాగే మధ్యలో దగ్గి 'అవునండీ, నేనేనండీ, స్కూలు బస్సు డ్రైవర్ని' అన్నారు. పుట్టినరోజు చెప్పారు. తాతయ్య పేరు చెప్పారు. నేను నాన్నే వచ్చారేమో అనుకుని తలుపు దాకా వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే ఆయనొక్కడే ఉన్నాడు."

పళ్ళక్క కొంగుతో కనుబొమల మీది పొడి తుడుచుకుంది. తర్వాత, "ఎవరితోనో సరదాకి అనుకరించి ఉంటాడు. మీ నాన్న గొంతు ఎవడైనా అనుకరిస్తాడు" అంది.

"నాన్న పుట్టినరోజు కూడా సరదాకేనా?"

"వెళ్ళి చదువుకో."

కసిరి పంపింది గానీ ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. మర్నాడు పనిలో ఒక క్యాపుని అరగదీస్తూ అరగదీస్తూ పాడు చేసింది. చెయ్యి తిరిగిన మనిషి, అలా ఎప్పుడూ జరగలేదు. మొగుడికి చెబుదామనుకుంది. చెబితే ఆయన ఆ రాత్రే గది ఖాళీ చేయించమంటాడు. బంగారు కార్డులో ఇక మిగిలింది కొంచెమే. ఇది తీరిపోనీ, ఆపైన అడుగుదాం అని నాలిక మీదికి వచ్చిన మాటని మింగేసింది. ఆ నెల అద్దె అందుకుంటున్నప్పుడు ఆయన చేతివేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి. "ఒంట్లో బాలేదా అక్కా? ముఖం పీక్కుపోయింది" అన్నాడు, నిజంగానే కనిపెట్టినట్టు.

బంగారు కార్డు తీరుతుందనగా పథకంలో రెండో మెట్టు గుర్తొచ్చింది. ఎర్ర కార్డు బాకీని తక్కువ వడ్డీకి వాయిదాలుగా మారుస్తారని ఎవరో చెప్పారు. కార్డు మొగుడి పేరున ఉంది కాబట్టి ఆయనచేత సెలవు పెట్టించి ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళారు. బల్లవతల ఉన్న అమ్మాయి డ్రైవరు వివరాలు తీసుకుని కంప్యూటర్లో చూసింది.

"కుదరదండీ. మీకిప్పటికే చాలా ఉన్నాయి."

"నా పేరున ఉన్నది ఈ ఒక్కటే కదమ్మా. మిగతా రెండూ ఈవిడ పేరున" అన్నాడు డ్రైవరు.

"ఒక్కటేమిటండీ? వేరే బ్యాంకుల్లో మీ పేరున రెండు కార్డులున్నాయి. ఒక వ్యక్తిగత రుణం కూడా ఉంది. అన్నీ ఈ ఆర్నెల్లలో తీసుకున్నవే." ఆ అమ్మాయి తెర ఇటు తిప్పింది. "చిరునామా ఇదేనా మీది?"

వాళ్ళదే. ఇంటి పేరు, వీధి, తలుపు నంబరు, అన్నీ వాళ్ళవే. ఫోన్ నంబరు ఒక్కటే ఎవరిదో.

డ్రైవరు తెర మీద తన పేరు కింద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళక్కకి మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టింది అదే. లోపలెక్కడో ఆవిడకి ముందే తెలుసు.

ఫిర్యాదు రాయించమని ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, పిల్ల ఇంటికొచ్చే వేళవుతోందని తనొక్కతే బయల్దేరింది. ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి ముందుగది తలుపు తెరిచే ఉంది. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

"బ్యాంకుకెళ్ళొచ్చారా అక్కా?"

వెళ్తున్నట్టు ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"మా ఆయన పేరున ఏం చేశావు నువ్వు?" అంది. అన్నాళ్ళూ 'మీరు' అన్న నోటికి 'నువ్వు' దానంతటదే వచ్చింది.

ఆయన లేవలేదు, కంగారుపడలేదు. గొంతు కూడా పెంచలేదు. "అక్కా, కోపంలో ఏ పనీ చెయ్యకండి. మీ పథకం బాగా నడుస్తోంది కదా? మొదట్లో ఇచ్చిన అడ్వాన్సు వదిలేయండి. ఆ తర్వాత నెలనెలా మీరు తీసుకున్న అద్దె ఎక్కడిదనుకున్నారు?"

పళ్ళక్కకి అర్థం కాలేదు.

"బావగారి పేరున నేను తెప్పించిన కార్డులోంచి తీసి మీ చేతిలో పెట్టాను. మీరు తీసుకెళ్ళి మీ కార్డులో కట్టారు. పోలీసులు అడిగితే ఏమని చెప్తారు? డబ్బు చేరింది మీకు. సంతకాలు బావగారివి. చిరునామా మీది. మధ్యలో నేనెవర్ని?" కాస్త ఆగి మెత్తగా అన్నాడు. "నాకింకా కొన్నాళ్ళు గది కావాలి. మీకూ అద్దె కావాలి. పాప కాలేజీ నుంచి ఆ కాలవగట్టు దారినే వస్తుంది కదా? ఈపాటికి వచ్చేయాలే."

ఈ చివరి మాట అన్నప్పుడు కూడా గొంతులో అదే మెత్తదనం.

పళ్ళక్క వెనక్కి తిరిగింది. ఇంట్లోకి వెళ్ళలేదు. కాలవగట్టు వైపు నడిచింది, ఆ తర్వాత పరుగెత్తింది. మలుపు దగ్గర కూతురు స్నేహితురాలితో మాట్లాడుతూ నడిచొస్తోంది. చెయ్యి పట్టుకుంది, మణికట్టు కందిపోయేలా పట్టుకుంది. "ఏమైందమ్మా?" అంటే చెప్పకుండా బ్యాంకు దాకా లాక్కెళ్ళింది. అక్కణ్ణుంచి ముగ్గురూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారు.

దారిలో ఆవిడ జరిగింది చెప్పాక డ్రైవరు అడిగాడు. "అద్దె సంగతి చెప్పాలంటావా? మన మెడకే చుట్టుకుంటుందేమో."

"చెప్పాలి. అది దాస్తే రేపట్నుంచి వాడు చెప్పినట్టల్లా ఆడాలి."

"అమ్మా, నేను విన్నది కూడా చెప్పాలి" అంది కూతురు.

పళ్ళక్క పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది. "నువ్వు చెప్పావు. నేనే వినలేదు" అంది.

స్టేషన్లో ఎస్సై సరిగ్గా ముందుగది ఆయన చెప్పినట్టే అడిగాడు. "అంటే నెలనెలా ఆ డబ్బు మీరు పుచ్చుకున్నారన్నమాట." అద్దెకున్నాయనా ఎస్సైగారూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టనిపించి ఆవిడకి ముచ్చెమటలు పోశాయి. అయినా ఏదీ దాచలేదు. పిల్ల విన్నదీ, తను మింగేసిందీ, అన్నీ చెప్పింది. ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేసరికి ముందుగది ఖాళీ. గది ఊడ్చి ఉంది. పక్క దుప్పటి మడతపెట్టి ఉంది. కిటికీ గూట్లో ఉత్తరాల పెట్టె తాళంచెవి పెట్టి ఉంది.

ఆ తర్వాతి కాలం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే గడిచింది. రుణం ఇచ్చిన సంస్థవాళ్ళ మనుషులు ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి గట్టిగా మాట్లాడేవాళ్ళు. వీధివాళ్ళు కిటికీల్లోంచి చూసేవాళ్ళు. డ్రైవరు నెమ్మదిగా హాస్యాలు మానేశాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ఒకరోజు బస్సులో పిల్లలు గోల చేస్తుంటే బస్సు పక్కకి ఆపి తల స్టీరింగు మీద పెట్టుకుని ఉండిపోయాడట. బస్సులో ఉండే ఆయా వచ్చి చెబితే తెలిసింది.

చివరికి కార్డులు అందించిన కొరియరు కంపెనీ దగ్గర ఫొటో దొరికింది. పార్సిలు పుచ్చుకుంటున్నది ఎవరో అందులో స్పష్టంగా ఉంది. రెండు కార్డులూ, రుణమూ మోసంతో తీసుకున్నవేనని బ్యాంకులు ఒప్పుకున్నాయి. కానీ అద్దె రూపంలో మీకు ముట్టినంతవరకు మీరే తిరిగివ్వాలని అడిగాయి. లాయరు వాదించొచ్చన్నాడు. పళ్ళక్క వద్దంది. "ఆ డబ్బుతో మన కార్డు తీర్చాం. ఎవరిదో అని తెలిశాక నాకెందుకది" అంది.

మళ్ళీ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. తీరిపోవాల్సిన బంగారు కార్డు ఇంకా కాస్త మిగిలే ఉంది. ఇప్పుడు దాని పక్కన ఇంకో బాకీ. అద్దె లేదు. గది మళ్ళీ ఎవరికైనా ఇద్దామా అన్న మాట ఎవరూ ఎత్తలేదు. పళ్ళక్కే దారి కనిపెట్టింది. ఆసుపత్రి వెనక గది ఖాళీ చేసి ఫర్నేసు, మోటారు, అచ్చులు అన్నీ ముందుగదిలోకి తెచ్చుకుంది. తను కట్టే అద్దె మిగిలింది. ఈ ఆలోచన మొదట్లోనే వచ్చి ఉంటే ఇదంతా జరిగేదే కాదని ఆవిడకి తెలుసు. ఇంటినిండా పొడి, మోటారు రొద. మొదట్లో ఆ గదిలో వీపు గుమ్మంవైపు పెట్టి కూర్చోలేకపోయేది. బల్లని గోడకి జరిపి గుమ్మానికి ఎదురుగా వేసుకుంది.

ఏడాది కావస్తుండగా ఓ ఉదయం ఒక పెద్దావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. వేరే ఊరి నుంచి వచ్చిందట. ఒంటరిది, భర్త పోయాడు.

"మిమ్మల్ని చూసి పోదామని వచ్చానమ్మా. మా ఇంట్లో అద్దెకున్నాయన ఇచ్చిన నంబరుకి చేస్తే మీరే ఫోన్లో చెప్పారు కదా, మీ ఇంట్లో ఉండి వెళ్ళాడనీ, బంగారంలాంటి మనిషనీ. పోయిన మా ఆయన పేరున ఈమధ్య ఏవో ఉత్తరాలొస్తుంటే ఎందుకో అనుమానం వచ్చింది. ఫోన్లో మళ్ళీ అడగడం ఇష్టంలేక…"

పళ్ళక్క చేతిలో ఉన్న అచ్చు కింద పెట్టింది. "నేను మీతో ఎప్పుడూ మాట్లాడలేదండీ."

"అదేమిటమ్మా? పళ్ళు కడతానన్నారు. డ్రైవరు గారి గురించి చెప్పారు, ఇల్లెక్కడో చెప్పారు. ఇదే గొంతు!" ఆవిడ వేలితో పళ్ళక్క నోటివైపు చూపించింది.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంట్లోనే. తాళం ఆయన చేతికిచ్చే వచ్చాను."

పోలీసులు ఇక్కణ్ణుంచి అక్కడికి ఫోను చేశారు. అక్కడి పోలీసులు వెళ్ళేసరికి మనిషి లేడు. ఈసారి మాత్రం సర్దుకునే తీరిక దొరకలేదు, పెట్టెలు వదిలేసి పోయాడు. వాటిలో చాలామంది గుర్తింపు కార్డుల నకళ్ళు దొరికాయట. మీవి ఏవో చూసి చెప్పమని వీళ్ళని పిలిచారు. డ్రైవరుది ఉంది. పళ్ళక్కది ఉంది. కూతురి కాలేజీ కార్డు నకలు కూడా ఉంది. ఈ రెండిటినీ ఆయనకి వాళ్ళు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ ఫోన్లో మాట్లాడిన ఆడగొంతు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

బంగారు కార్డు తీరిపోయింది, ఎర్రది కూడా తీరిపోయింది. తిరిగివ్వాల్సిన అద్దె డబ్బు చెల్లిపోయింది. నీలం కార్డుకి ఇంకా కొద్ది వాయిదాలున్నాయి. ఇంతకాలం పడ్డ కష్టానికి వాళ్ళు ఒక్కసారైనా పండగ చేసుకోలేదు. ప్రతి నెలా మొదట్లో కూతురు బల్ల దగ్గర కూర్చుని ముగ్గురి పేర్ల మీదా ఏయే అప్పులున్నాయో ఫోన్లో చూస్తుంది. డ్రైవరు గోడకానుకుని నిలబడతాడు. పళ్ళక్క మోటారు ఆపేసి వస్తుంది. పిల్ల తన పేరు దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళిద్దరూ ఫోను మీదకి వంగుతారు.

"ఇంతవరకూ ఏమీ లేదమ్మా" అంటుంది కూతురు.